సీసల పొయ్యం

పొద్దు ఇంకా పొడవలేదు. ఖానాపూర్‌లో ఒక పెట్రోలు బంకులో, రెండు పంపుల మధ్య నిలబడ్డారు మీరు. ఆగస్టు చివరి వారం. రాత్రంతా పడ్డ ముసురు ఇప్పుడే ఆగింది. గచ్చు మీద నీళ్లు నిలిచిన చోట పెట్రోలు చుక్కలు పడి రంగులు తేలుతున్నాయి. పాల ఆటో ఒకటి వచ్చి పోయింది. దాని వెనకే ఒక బండి. హ్యాండిల్‌కు మందు డబ్బాల సంచి వేలాడుతోంది. ట్యాంకు మీద అడ్డంగా రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా, లేబుల్ ఊడిపోయి, మూత గట్టిగా బిగించి ఉంది.

"రెండు లీటర్లు పొయ్యి తమ్మీ. గీ సీసల."

"సీసల పొయ్యమే కాకా."

"గదేంది? పోయినేడు పోస్తివి గదా."

"నేను గాదు కాకా. సీసల మనా జేసిన్రు. గటు సూడు."

పిల్లాడు చూపించిన వైపు మీరూ చూస్తారు. పంపుకు అతికించిన ఫ్లెక్సీ ముక్క మీద, సీసాల్లో పెట్రోలు పోయబడదని రాసి ఉంది. ఎండకు, వానకు ఎర్ర అక్షరాలు వెలిసిపోయాయి. కాక దాన్ని చదవలేదు, చదవాల్సిన పని కూడా లేదు ఆయనకు. ఆయన చూపంతా పిల్లాడి ముఖం మీదే ఉంది.

"పత్తికి మందు గొట్టాలె బిడ్డా. తైవాన్ పంపుకు. ఇద్దరు కూలోళ్లు సేను కాడ కూసున్నరు. నేనేమన్న మనుషుల్ని తగలవెట్టెటోని లెక్క కనవడుతున్ననా నీకు?"

ఆ ప్రశ్నకు పిల్లాడి దగ్గర జవాబు లేదు. నాజిల్‌ను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. వెనక ఇంకో రెండు బండ్లు హారన్ కొడుతున్నాయి. కాక సీసాను చంకలో పెట్టుకుని, ఇంకో మాట మాట్లాడకుండా బండి తిప్పుకుని పోయాడు. ఆ పోవడంలో ఉన్న అవమానం, పక్కన ఊరికే నిలబడ్డ మీకు కూడా తగులుతుంది.

ఈ ఊళ్లో సీసా పెట్రోలు ఎందుకు కావాలో తెలియనివాళ్లకు కాక కోపం అర్థం కాదు. దక్షిణాన గోదావరి, ఉత్తరాన కవ్వాల్ అడవి అంచు. 1891-92లో నిజాం కాలంలో కట్టిన సదర్మాట్ ఆనకట్ట కాలువ పారినంత మేర వరి. కాలువ ఎక్కని చెల్కల్లో పత్తి, మక్క, పసుపు. ఒకప్పుడు వీపు మీద చేతి పంపుతో మందు కొట్టేవాళ్లు. ఇప్పుడు ఎవరి వీపున చూసినా పెట్రోలుతో నడిచే తైవాన్ పంపే. గట్ల మీద గడ్డి కోసే మిషనుకు పెట్రోలు. వానకు కూలిన చెట్టును కోసే రంపానికి పెట్రోలు. దినమంతా మందు కొడితే రెండు మూడు లీటర్లు కావాలి. చేనేమో బంకుకు పది, పదిహేను కిలోమీటర్ల దూరం. పెంబి మండలంలోనైతే వాగు దాటితే తప్ప చేరలేని గూడేలున్నాయి. అక్కడికి పెట్రోలు పోయేదే సీసాల్లో. కిరాణా దుకాణం ముందు మేకుకు వేలాడే లీటరు సీసా, పైన పదో ఇరవయ్యో ఎక్కువ. అర్ధరాత్రి నొప్పులు మొదలైన ఆడమనిషిని ఆస్పత్రికి తీసుకుపోవడానికి బండిలో పోసేది ఆ సీసాలోదే.

మరి ఎందుకు ఆపినట్టు?

2019ని గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది ఫిబ్రవరి 27న హన్మకొండలో కాలేజీకి పోతున్న ఒక అమ్మాయి మీద ఒకడు పెట్రోలు పోసి నిప్పంటించాడు. కొన్ని రోజులకు ఆ అమ్మాయి చనిపోయింది. నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దారు విజయారెడ్డిని ఆమె కూర్చున్న ఆఫీసు గదిలోనే కాల్చేశారు. ఆమెను కాపాడబోయిన డ్రైవర్ గురునాథం కూడా మిగల్లేదు. నిప్పు పెట్టినవాడు కూడా ఆ కాలిన గాయాలతోనే పోయాడు. అదే నెల 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు వద్ద ఒక యువ పశువైద్యురాలిని ఎత్తుకుపోయి, చంపి, చటాన్‌పల్లి వంతెన కింద తగలబెట్టారు. దేశం ఆమెను దిశ అని పిలుచుకుంది. ఆ పెట్రోలు బంకులో సీసాలో పోయించుకున్నదే. ఆ తర్వాతే తెలంగాణలో పోలీసులు బంకులవాళ్లకు సీసాల్లో పొయ్యొద్దని గట్టిగా చెప్పారు. ఫ్లెక్సీలు అప్పుడు వెలిశాయి. కొన్నాళ్లు గట్టిగా పాటించారు, కొన్నాళ్లు వదిలేశారు, ఎక్కడో ఏదో జరిగితే మళ్లీ బిగించారు. ఖానాపూర్ కాకకు పోయినేడు దొరికింది ఈ ఏడు దొరకకపోవడం అందుకే.

మన దగ్గర ఆయుధం అంటే తుపాకీ కాదు. తుపాకీ కొనాలంటే దుకాణం దాకా పోకముందే ఆపేస్తుంది ప్రభుత్వం. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, పోలీసు విచారణ కావాలి, కలెక్టరు దగ్గర ఫైలు కదలాలి. అడవిపందుల నుంచి పంట కాపాడుకునే రైతుకు, గొట్టం మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చని ఆ చట్టం 13వ సెక్షనులో ఉంది. కానీ ఈ చుట్టుపక్కల పందులు మక్క చేను తొక్కిన రాత్రి రైతు చేతిలో కనిపించేది టార్చిలైటు, డప్పు, టపాకాయ. లైసెన్సు ఉన్న కొద్దిమంది కూడా ఎన్నికలు వస్తే తుపాకీని ఠాణాలో అప్పజెప్పాలి. పైగా అదే 2019 డిసెంబరులో పార్లమెంటు చట్టాన్ని సవరించి, ఒక మనిషి దగ్గర మూడు తుపాకులు ఉండొచ్చన్న పరిమితిని రెండుకు దించింది. తుపాకీ ఇంత దూరంగా ఉన్న చోట, కోపం కళ్లకు కమ్మినవాడు దగ్గర్లో ఏది దొరికితే దాన్ని అందుకుంటాడు. వంద రూపాయల పెట్రోలు, ఒక ఖాళీ సీసా, ఒక అగ్గిపెట్టె. దాన్ని ఆపగల చివరి మనిషి కలెక్టరు కాదు, ఎస్‌ఐ కాదు. నాజిల్ పట్టుకున్న ఈ పిల్లాడు.

ఎనిమిదయ్యింది. ఎండ చురుక్కుమంటోంది. బడి పిల్లల ఆటోలు, పంచాయతీ ట్రాక్టరు, ఉట్నూరు వైపు పోయే జీపు. మళ్లీ ఒకాయన సీసాతో. ఈసారి తెల్లచొక్కా, మెడలో కండువా. ఈయన బతిమాలడం లేదు.

"ఎవని ఆర్డరు? కాయితం సూపియ్. పైసలిస్తున్న, ఊకె అడుగుతలేను."

ఇటువంటి మాటలు మనకే సొంతం కాదు. సరిగ్గా అదే 2019లో, ఇక్కడ ఫ్లెక్సీలు కట్టడానికి సుమారు మూడు నెలల ముందు, అమెరికాలో వాల్‌మార్ట్ దుకాణాల్లో ఇదే గొడవ నడిచింది. అక్కడ నిలబడి చూద్దాం. చేపల గాలాలు, టెంట్లు, సైకిళ్లు దాటి లోపలికి పోతే గాజు పెట్టెల వెనక తూటాల డబ్బాలు. కిరాణా సరుకుల బండి తోసుకుంటూ వచ్చినవాళ్లు పాలు, రొట్టెలతో పాటు వాటినీ కొనేవాళ్లు. ఆ జులై 30న మిసిసిపీలో సౌత్‌హేవన్ వాల్‌మార్ట్‌లో ఇద్దరు ఉద్యోగులను కాల్చి చంపారు. నాలుగు రోజులకే, ఆగస్టు 3న, టెక్సాస్‌లోని ఎల్‌పాసో వాల్‌మార్ట్‌లో కాల్పులు. ఆ గాయాలతో తర్వాత పోయినవాళ్లను కూడా కలిపితే 23 మంది. బడులు తెరిచే రోజులు కావడంతో, పిల్లల సామాన్లు కొనడానికి వచ్చిన కుటుంబాలతో ఆ పొద్దు దుకాణం నిండి ఉంది. సెప్టెంబరు 3న కంపెనీ అధిపతి డగ్ మెక్‌మిలన్ ప్రకటించాడు: ఉన్న సరుకు అయిపోయాక పిస్తోలు తూటాలు అమ్మం, పొట్టి రైఫిళ్ల తూటాలు అమ్మం, తుపాకీ బయటికి కనిపించేలా పెట్టుకుని దుకాణంలోకి రావొద్దు. జింకల వేటకు వాడే రైఫిళ్లు, వాటి తూటాలు మాత్రం అమ్ముతాం. దేశం మొత్తం తూటాల అమ్మకంలో తమ వాటా సుమారు 20 శాతం నుంచి 6, 9 శాతాల మధ్యకు పడిపోతుందని కంపెనీయే లెక్క చెప్పింది.

అప్పుడు కౌంటర్ల దగ్గర వినిపించినవి రెండు రకాల మాటలు. పిల్లల్ని తీసుకుని నిశ్చింతగా రాగలమని సంతోషపడ్డవాళ్లున్నారు. ఎవడో చేసిన నేరానికి నన్నెందుకు అనుమానిస్తున్నారు, ఇక మీ గడప తొక్కనని వేరే దుకాణానికి పోయినవాళ్లున్నారు. అంతకు ఏడాదిన్నర ముందే డిక్స్ అనే క్రీడాసామాన్ల దుకాణాలకు ఇది అనుభవం. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ బడిలో 17 మంది చనిపోయాక, యుద్ధ రైఫిళ్లను పోలిన తుపాకులను ఇక అమ్మమని, 21 ఏళ్లు నిండనివాళ్లకు ఏ తుపాకీ అమ్మమని డిక్స్ అధిపతి ఎడ్ స్టాక్ ప్రకటించాడు. కొన్నవాళ్లలో చాలామంది దూరమయ్యారు. 60 మందికి పైగా ఉద్యోగులు మానేశారు. ఒరెగాన్‌లో ఒక 20 ఏళ్ల కుర్రాడు వయసు చూపి అమ్మనన్నందుకు కోర్టుకెక్కాడు. సుమారు 25 కోట్ల డాలర్ల అమ్మకం పోయిందని స్టాకే చెప్పాడు. మిగిలిన 50 లక్షల డాలర్ల విలువైన రైఫిళ్లను వేరేవాళ్లకు అమ్మకుండా ముక్కలు చేసి తుక్కు కింద పడేయించాడు. నష్టం తెలిసి కూడా ఆ పని చేసినందుకు నాకు ఆయన మీద గౌరవం.

కానీ డిక్స్ అధిపతి చేసిన పనిని ఖానాపూర్‌లో ఎవరు చేస్తున్నారో చూడండి. ఈ పిల్లాడికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయేమో. ఇంటర్ దగ్గర ఆగిపోయినట్టున్నాడు. రాత్రి డ్యూటీ దిగాల్సినవాడు, పొద్దుటివాడు రాక ఇంకా నిలబడే ఉన్నాడు. తెల్లచొక్కా ఆయన అరుస్తుంటే, "సార్ తోని మాట్లాడున్రి పటేలా" అని ఆఫీసు గది వైపు చూపిస్తాడు. గదికి తాళం ఉంది. కంపెనీ అధిపతి ప్రకటన వెనక వకీళ్లు, పేపర్లు, టీవీలు ఉంటాయి. వీడి వెనక వెలిసిపోయిన ఫ్లెక్సీ ముక్క తప్ప ఏమీ లేదు. ఒకరికి పోసి ఒకరికి పొయ్యకపోతే పక్షపాతం, అందరికీ పొయ్యకపోతే రైతు ఉసురు, అందరికీ పోస్తే ఏదో ఒక రోజు పోలీసు జీపు.

"ముఖం జూసి పోస్తమన్నా," అంటాడు మీతో, కాస్త ఖాళీ దొరికినప్పుడు. "ఎర్కున్నోళ్లయితె పోస్తం. తాగొచ్చినోనికి పొయ్యం. పొల్లగాండ్లకు పొయ్యం. గూడెం నుంచి వచ్చినోళ్లు మనకు ఎర్కుండరు. ఆల్లకు పొయ్యం."

చివరి మాట మీద ఆగండి. బంకుకు అందరికంటే దూరంలో ఉన్నవాడు, సీసా అందరికంటే అవసరమైనవాడు, ఇక్కడ ఎవరికీ తెలియనివాడు కాబట్టి ఖాళీ సీసాతో తిరిగి పోతున్నాడు. ముఖం చూసి పోసే చోట పలుకుబడి ఉన్న ముఖానికే పెట్రోలు దొరుకుతుంది. అబ్దుల్లాపూర్‌మెట్‌లో నిప్పు పెట్టినవాడు కూడా, చూసినవాళ్లకు, భూమి కాయితాల కోసం తిరుగుతున్న మామూలు మనిషిలాగే కనిపించి ఉంటాడు.

స్కూటీ నెట్టుకుంటూ ఒక అమ్మాయి వచ్చింది. చెమటతో చున్నీ తడిసింది. మస్కాపూర్ దాటాక పెట్రోలు అయిపోయిందట. ముందు బండిని పక్కన పెట్టి నడిచొచ్చి నీళ్ల సీసాలో పొయ్యమని అడిగింది, పిల్లాడు పొయ్యలేదు. వెనక్కి పోయి బండినే నెట్టుకొచ్చింది. కోపం రాలేదా అని అడుగుతారు మీరు.

"వచ్చింది. కానీ పొయ్యకపోవుడే నయం అనిపించింది అన్నా. నేను అడిగినట్టే ఇంకెవడో అడుగుతడు. వాడు ఎవరి మీద పొయ్యడానికి అడిగిండో ఈ అన్నకేం దెలుస్తది?"

తొమ్మిది దాటాక, బంకుకు రెండు వందల అడుగుల అవతల, చింతచెట్టు కింద, ఈ నిబంధన ఎంతవరకు పనిచేస్తుందో కళ్లారా చూస్తారు. ఒక కుర్రాడు బండి ట్యాంకు నిండా పోయించుకుని వచ్చి, చెట్టు కింద ఆపి, ట్యాంకు మూత తీసి, సన్నటి రబ్బరు పైపు లోపలికి వదిలి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. పెట్రోలు నోట్లోకి రాగానే ఉమ్మేసి పైపును సీసాలో పెట్టాడు. ఒక్క నిమిషం. సీసా నిండింది. ఉమ్మి నేల మీద పడ్డ చోట గుప్పున వాసన.

ఇంత సులువైతే ఆపి ఏం లాభమన్నది బంకు దగ్గర అందరూ అడిగేదే. లాభం ఉందనే నా నమ్మకం. పైపు వెతుక్కోవడానికి, బండి సంపాదించడానికి, చెట్టు కిందికి పోవడానికి పట్టే కొద్దిసేపు, ఆవేశంలో ఉన్నవాడి దారికి అడ్డమే. అమెరికాలో తుపాకీ కొన్నాక చేతికి రావడానికి కొన్ని రోజులు ఆగాలన్న నిబంధన ఉన్న రాష్ట్రాల లెక్కలను హార్వర్డ్ పరిశోధకులు పరిశీలించి 2017లో ప్రచురించారు. ఆ నిబంధన వల్ల తుపాకీ హత్యలు సుమారు 17 శాతం తగ్గాయని తేల్చారు. తుపాకీ ఎవరికీ దొరకకుండా పోలేదు, కొన్ని రోజులు ఆలస్యంగా దొరికింది, అంతే. పెట్రోలుకు ఇటువంటి లెక్క మన దగ్గర ఎవరైనా కట్టాలి. కడితే బాగుంటుంది.

అయితే నోటితో పెట్రోలు పీల్చడం చిన్న విషయం కాదు. ఊపిరితిత్తుల్లోకి ఒక్క గుటక పోయినా ప్రాణం మీదికి వస్తుంది. సీసా సంగతి కూడా అంతే. పెట్రోలుకు నిప్పు తగలనక్కర్లేదు, దాని ఆవిరికి తగిలితే చాలు. సున్నాకు 40 డిగ్రీలు కిందికి దిగిన చలిలో కూడా అంటుకోగల ఆవిరి అది. గాలి కంటే బరువు కాబట్టి పైకి పోదు, నేల మీద పాకుతుంది. ప్లాస్టిక్‌లో కరెంటు పారదు కాబట్టి పోస్తున్నప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు నేలలోకి దిగిపోయే దారి ఉండదు. సేను కాడ ఎండలో పెట్టిన పల్చటి సీసా ఉబ్బుతుంది, మూత సందు నుంచి ఆవిరి కక్కుతుంది, పక్కనే కూలి మనిషి బీడీ ముట్టిస్తాడు. నిబంధనను నేరగాళ్ల కథగా మాత్రమే చెప్పి, రైతు ఒంటికి సంబంధించిన ఈ సంగతి చెప్పకపోవడం వల్లే కాకకు అది అనుమానంలా వినబడింది.

దారి లేక కాదు. 1934 నాటి పెట్రోలియం చట్టం 8వ సెక్షను తీసి చూడండి. అమ్ముకోవడానికి కాకుండా సొంత అవసరానికైతే 30 లీటర్ల వరకు పెట్రోలు ఉంచుకోవడానికి, తీసుకుపోవడానికి లైసెన్సు అక్కర్లేదు. గట్టి బిరడా ఉన్న గాజు పాత్రలో అయితే లీటరుకు మించకూడదు. లోహపు డబ్బాలో అయితే 25 లీటర్ల దాకా. అందులో కూల్‌డ్రింకు సీసా మాట లేదు, రైతుకు పొయ్యొద్దన్న మాట కూడా లేదు. అమెరికా పెట్రోలు బంకుల్లో నడుస్తున్నది కూడా ఇటువంటిదే. కొన్ని రకాల తూటాలు అమ్మనన్న వాల్‌మార్ట్‌లోనే పెట్రోలు కోసం ప్రత్యేకంగా చేసిన ఎర్ర డబ్బాలు అమ్ముతారు. దాన్ని నింపించుకునేవాణ్ణి ఎవరూ అనుమానంగా చూడరు. మన బంకులో ఫ్లెక్సీ కింద ఇంకో రెండు వాక్యాలు రాయాలి: ఇనుప డబ్బా తెస్తే పోస్తాం, పేరు, ఊరు, ఫోను నంబరు పుస్తకంలో రాయించండి. అప్పుడు గూడెం మనిషికైనా, తెల్లచొక్కాకైనా ఒకటే కొలత. పిల్లాడు ముఖాలు చదవాల్సిన పని ఉండదు.

పది గంటలకు యజమాని వచ్చి తాళం తీశాడు. ఈ మాట ఆయన ముందు పెడతారు. ఆయన కాదనలేదు.

"పుస్తకం పెడ్త. పెట్టుడు ఎంతసేపు? ఇనుప డబ్బలు ఏడున్నయి సార్ ఖానాపూర్ల? ఉంటె సూపియ్యున్రి."

బజార్లోకి నడుస్తారు. బాదన్‌కుర్తి నుంచి వచ్చిన ఒక రైతు, ఆయన కూడా ఖాళీ చేతులతో తిరిగినవాడే, మీ వెంట వస్తాడు. మొదటి హార్డ్‌వేర్ దుకాణంలో అన్నీ ప్లాస్టిక్ క్యాన్లే. రెండో దాంట్లో నూనె పోసుకునే రేకు డబ్బా ఉంది, మూత బిగుసుకోదు. మూడో దుకాణంలో గల్లా మీద కూర్చున్న పెద్దాయన అటక మీదికి చూసి, ఒకప్పుడు మిలిటరీ క్యాన్లని వచ్చేవి, ఇప్పుడు ఎవరూ అడగడం లేదని తెప్పించడం మానేశానంటాడు. హైదరాబాద్‌కు ఫోను కొడితే వస్తాయట, ఐదు లీటర్లవి, పది లీటర్లవి.

"కొట్టు మరి ఫోను," అంటాడు రైతు.

"ఎన్ని చెప్పమంటవ్? ఒకటి రెండుకు పంపడు వాడు."

రైతు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాడు. తైవాన్ పంపులున్న ఇండ్లు, గడ్డి మిషన్లున్నవాళ్లు, అవతలి వాడకట్టులో కోత మిషను నడిపే తన బావమరిది.

"మా ఊరికి ఇరవై. ఐదు లీటర్లయి. పైసలు సోమవారం తెస్త."